కడిగిన మొహం

పాకాల,
ఆదివారం

ప్రియమైన తమ్ముడు ధనాకు,

అమ్మా నేనూ క్షేమంగా ఇల్లు చేరాం. కోమలి కట్టిచ్చిన పులిహోర రైల్లోనే అయిపోయింది. నీ భార్య చేతికి నా దీవెన.

ఇక నువ్వు అడిగిన మాట. నిన్న గడప దాకా వచ్చి, "ఎట్లుండాది అక్కా? ఈ సినిమా డిస్కులు కొనేదానికి తగునా, తగదా?" అన్నావు. కోమలి ముందు బదులివ్వడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఫోనులో చెబితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

తగదు.

నాకు అసహ్యం వేసింది ధనా. గోడంత టీవీ పెట్టావు. దానికోసం దేవుడి అర పీకి ఫ్రిజ్జు మీద పెట్టావు. స్వామి పటం వెనక కోడిగుడ్ల అట్ట ఉంది. కళ్ళు మూసుకొని దణ్ణం పెట్టుకోబోతే ఫ్రిజ్జు గుర్రుమంది.

తరువాత ఆ డిస్కు వేశావు. "సూడక్కా, ఎంత తేటగా ఉండాదో" అన్నావు. చూశాను. హీరో ముక్కులో వెంట్రుకలు చూశాను. పళ్ళ సందున పాచి చూశాను. తల్లి చచ్చిపోయిందని అతను ఏడుస్తున్నాడు. నాకు పాచి తప్ప ఏడుపు కనబడలేదు. మనిషిని అంత దగ్గరగా చూడవలసినవాళ్ళు కన్నతల్లి, వైద్యుడు. నాకెందుకు? అదే సినిమా నీ ఫోనులోనూ వస్తుంది కదా. మళ్ళీ దాన్నే బిళ్ళగా కొని అద్దాల బీరువాలో పేర్చడం ఏమిటి?

ఒక పూట అన్నం మానేయమను, మానేస్తాను. ఇంకోసారి ఆ టీవీ ముందు కూర్చోమనకు. స్వామిని ముందు ఆయన చోట పెట్టు.

నీ మేలు కోరే అక్క,
పంకజాక్షి

---

రేణిగుంట,
గురువారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి కోమలి పొద్దంతా నవ్వింది. "మీయక్క రాసేది నాలుగు మాటలే, నాలుగూ వాతలే" అంటోంది. గుడ్ల అట్ట తీసేసింది. అర సంగతి తరువాత.

నీ తిట్లలో సగం ఒప్పుకుంటాను. ఫోనులో వస్తుంది, నిజమే. కానీ అది నీళ్ళు కలిపిన పాలక్కా. నెట్టు దారిలో పట్టడానికి బొమ్మను పిండి పంపుతారు. చీకటి సీను వస్తే బూడిదరంగు గళ్ళు తేలతాయి. డిస్కులో అంత పిండరు. పైగా ఫోనులో ఈ రోజున్న సినిమా రేపు ఉండదు, బిళ్ళయితే నా బీరువాలోనే ఉంటుంది. గోదాములో పొద్దుగూకులూ అట్టపెట్టెలు చూసి వచ్చేవాణ్ణి. ఈ ఒక్క పిచ్చీ ఉండనీ.

అయితే ఆ టీవీ కొన్నది హీరో ముక్కు కోసం కాదు. అమ్మ ముందర చెప్పలేకపోయాను. మన చిన్నతనంలో వడమాలపేట దగ్గర దొరలు వచ్చి సినిమా తీశారు కదా, గంగమ్మ జాతర సీను. అమ్మ నెత్తిన పొంగలి కుండతో నడుస్తూ ఒక్కసారి ఇటు తిరిగి చూస్తుంది. ఆ సినిమాను బాగుచేసి ఇప్పుడు ఆ దొరల దేశంలోనే ఫోర్‌కే డిస్కుగా తెచ్చారు. మన దగ్గరున్న పాత టేపులో అమ్మ మొహం సంగటి ముద్ద. కళ్ళేవో ముక్కేదో తెలీదు. ఆ వయసులో అమ్మకు ఫోటో కూడా ఒక్కటీ లేదు.

కంటి డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు. నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదెంతకాలమో చెప్పలేం అన్నాడు. ఆ ఉన్నది ఉండగానే అమ్మ తన వయసునాటి మొహం ఒకసారి చూసుకోవాలి. నా ఆశ అంతే.

తెప్పించేదా? నువ్వు వద్దంటే మానేస్తాను.

నీ వాతలకు అలవాటుపడిన తమ్ముడు,
ధనంజయ

---

పాకాల,
సోమవారం

ప్రియమైన ధనాకు,

తెప్పించు.

ఆ రోజు నీకు గుర్తుండదు. ఐసుపుల్ల కోసం మట్టిలో పొర్లుతున్నావు. నేను నిన్ను ఎత్తుకొని నిలబడ్డాను, అందుకే సినిమాలో నేను లేను. ఒక దొరసాని అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మొహమంతా పౌడరు పూసింది. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు కనబడకూడదని. అమ్మ అద్దం అడిగి చేతిలోకి తీసుకుంది. చూసుకుందో లేదో, అవ్వ వచ్చేసింది.

"తల్లి పెట్టిన ముద్ర మింద సున్నం కొట్టించుకుంటావా? కండ్లు పోతాయి మే నీకు!"

కోడలి చెయ్యి పట్టి బోరింగు దగ్గరికి ఈడ్చుకుపోయి, కొంగుతో రుద్ది రుద్ది కడిగేసింది. దొరసాని నోరు తెరుచుకొని చూస్తోంది. కడిగిన మొహంతోనే అమ్మ కుండ ఎత్తుకుంది. సినిమా తీసే దొరకు అదే నచ్చింది. ఈ కథ నేను నా పిల్లలకు చెప్పాను, ఇరుగుపొరుగుకు చెప్పాను. ఎప్పుడు చెప్పినా అమ్మ తలవంచుకొని బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. పొగడ్తంటే ఆమెకు సిగ్గు.

ఆ మచ్చల మొహం చూస్తూనే నేను దణ్ణం పెట్టడం నేర్చుకున్నాను. దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తే నీ యంత్రం తప్పులన్నీ కాస్తాను. అమ్మకు ఇప్పుడే చెప్పను. ఆశపెట్టి లేదనడం పాపం.

స్వామి చల్లగా చూడాలి.
అక్క

---

రేణిగుంట,
శనివారం

అక్కా,

డిస్కు వచ్చింది. రాకుంటేనే బాగుండు.

నిన్న గోదాము నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా వేశాను. జాతర వచ్చింది. డప్పులు, వేపమండలు. కుండ మీది పసుపు ఇప్పుడే పూసినట్టుంది. అమ్మ తిరిగింది. అమ్మ కాదక్కా. మైనపు బొమ్మ. చెంపలు గాజుగిన్నెలా నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. ఆపి చూశాను, ముందుకూ వెనక్కీ తిప్పి చూశాను. లేదు.

పాత ఫిల్ము మీద సన్న ఇసుక చల్లినట్టు ఉంటుంది. బొమ్మకు ప్రాణం అదే. ఈ కంపెనీవాళ్ళకు అది మురికిలా కనబడింది. కంప్యూటరుకు అప్పజెప్పి తోమించారు. ఇసుకతో పాటు అమ్మ మచ్చలూ కొట్టుకుపోయాయి. అన్ని డిస్కులూ ఇట్లా ఉండవు. ముట్టుకోకుండా వదిలే బుద్ధిమంతులూ ఉన్నారు. మన ఖర్మకు ఇది దొరికింది. అట్ట మీద మాత్రం "మునుపెన్నడూ చూడని స్పష్టత" అని ఇంగ్లీషులో బంగారు అక్షరాలు. తోమినవాడి చెయ్యి విరగ.

కోమలి పక్కన నిలబడి "అత్త ఎంత బాగుండాదో" అంది. దాన్ని తిట్టాను. అది ఇంకా మాట్లాడటం లేదు. ఏం చేయమంటావు?

ధనంజయ

---

పాకాల,
మంగళవారం

ధనాకు,

నీ ఉత్తరం చదివి దీపం ముందు కూర్చున్నాను. జపం సాగలేదు. ఉమ్మేయాలనిపించింది. దీపం ఉందని మింగాను.

హీరో పళ్ళ పాచిని దాచలేని యంత్రానికి మనమ్మ మచ్చలు మురికిగా తోచాయా? అవ్వ రుద్ది కడిగితే పౌడరు పోయింది. వీళ్ళు రుద్ది కడిగితే అమ్మే పోయింది. చచ్చినవాళ్ళకు రంగు పూసి కూర్చోబెట్టినట్టుంది తలుచుకుంటే.

అమ్మకు చూపించవద్దు. చూపు పోయే ముందు ఆమె చూడవలసింది అబద్ధం కాదు. వెనక్కి పంపించు. వచ్చే వారం కళ్ళాసుపత్రికి తిరుపతి వస్తున్నాం, అక్కడి నుంచి మీ ఇంటికి వస్తాం. అప్పటికి ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదు. కోమలికి క్షమాపణ చెప్పు. తెలియక అన్న మాటకు కోపమెందుకు?

అక్క

---

పాకాల,
శుక్రవారం

ప్రియమైన ధనాకు,

నిన్న మధ్యాహ్నం నీ ఇంట్లో జరిగింది కోమలి ఈపాటికి చెప్పే ఉంటుంది. అయినా నేను రాయాలి. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోగా మా రైలు వేళయింది.

ముందు ఆసుపత్రి మాట. కుడికన్ను ఇంకా సన్నగిల్లింది. చుక్కలమందు మార్చారు. డాక్టరు చెబుతుంటే అమ్మ బల్ల మీది పెన్నుల గ్లాసును జరుపుతూ కూర్చుంది.

స్వామి అర మళ్ళీ గోడకు ఎక్కింది, చూశాను. సంతోషం. దాని కిందనే వెనక్కి పంపడానికి కట్టిన డిస్కు ఉంది. భోజనాలయ్యాక కోమలి నోరు ఊరుకోలేదు. "అత్తా, నీ సినిమా వచ్చిండాది. సూడవా?" అంది. నేను కళ్ళతో వద్దన్నాను. ఆమె నావైపు చూడనేలేదు. నీ మీది కోపం ఇంకా ఉన్నట్టుంది.

అమ్మ కుర్చీ లాక్కుని టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. కోమలి కట్టు విప్పి డిస్కు వేసింది.

తిరిగి చూసిన మొహం రాగానే, "ఎవురది?" అంది.

"నువ్వే అత్తా."

"నేనా?"

అమ్మ చెయ్యి చెంప మీదికి పోయింది. తెర మీది చెంప మీదికి కాదు, తన చెంప మీదికి. నేను ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మా, అది నిజం కాదు. నీ మచ్చలన్నీ తుడిపేసినారు" అన్నాను.

"తెలీదా మే నాకు? నా మొగం నాకు తెలీదా?" అంది. "నిజం నా దగ్గరే ఉండాది. పొద్దున లేసి దినామూ తడుముకుంటానే ఉండా. దాన్ని సూసేదానికి టీవీ ఎందుకు?"

కోమలి మళ్ళీ వేసింది. అమ్మ ముందుకు వంగి, మంచిగా ఉన్న కంటిని తెరకు దగ్గర పెట్టింది.

"ఆ పొద్దు అద్దం చేతికొచ్చింది. సూసుకునే లోపల మా అత్త ఈడ్సుకుపాయ. ఇన్నేండ్లకి ఎవురో పుణ్యాత్ములు మళ్ళా పూసినారు." నవ్వింది. "పూసుకుంటే కండ్లు పోతాయనె ఆయమ్మ. పూసుకోకపోయినా పోతానే ఉండాయి గదా. ఇంగోసారి ఎయ్యి కోమలీ."

ఎన్నిసార్లు వేసిందో నేను లెక్కపెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. బోరింగు కథ చెప్పినప్పుడల్లా అమ్మ తల ఎందుకు వంచుకునేదో గిన్నెల దగ్గర తెలిసింది.

ఆ డిస్కు మీద నా అసహ్యం అట్లాగే ఉంది ధనా. కొనదగినదా అని ఎవరడిగినా కాదనే చెప్పు. తోమినవాడు తప్పే చేశాడు. కానీ వెనక్కి పంపవద్దు. స్వామి అర కిందనే ఉండనీ. వచ్చే నెల ఆసుపత్రికి వచ్చినప్పుడు అమ్మ అడుగుతుంది.

ఈ సాయంత్రం దీపం పెట్టబోతుంటే అమ్మ పిలిచింది. ఇంట్లో పౌడరు డబ్బా ఉందా అని అడిగింది. ఉంది. నేనే పూశాను. మచ్చల గుంటల్లో తెల్లగా నిలిచిపోయింది, సరిగా కుదరలేదు. అమ్మ అద్దం అడిగింది. ఇచ్చాను.

అట్లాగే వచ్చి దీపం ముందు కూర్చుంది. కడుక్కోమని నేను అనలేదు.

మీ ఇద్దరికీ నా ఆశీస్సులు.
అక్క