మిరుగు దాకా విప్పని గుల్ల

1973 ఫిబ్రవరి 11

వచ్చి పడ్డాం. మొగుడంపల్లి దాటి, బండిబాట ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడిస్తే వచ్చే గుట్ట ఇది. అవతలంతా కన్నడపు అడవి. నాలుగు గుంజలు పాతి బోదగడ్డి కప్పితే అదే ఇల్లు.

మామ పోయి నెల కాలేదు, పంపకాలు అయిపోయాయి. బావ చంద్రప్పకు బావి, నల్లరేగడి. మా ఆయన బస్వరాజ్‌కు ఈ రాళ్ళు. నీ ఇంట్ల ఇగ ఉప్పు ముట్ట అని అన్నతో చెప్పి, తువ్వాల దులిపి బయల్దేరాడు. కరువులో రోషానికి మాత్రం కరువు లేదు. వెనకాల నేను, ఆరేళ్ళ శివలీల, ఒక మేక. ఆశ్చర్యం ఏమిటంటే అత్త కూడా వచ్చింది. దేవమ్మత్త నాతో ఏనాడూ తిన్నగా మాట్లాడిన మనిషి కాదు. పెద్ద కొడుకును వదిలి మాతో నడిచిందంటే ఏడుపొచ్చింది.

ఈ డైరీ జహీరాబాద్ ఎరువుల షాపు వాళ్ళది. నా ఏడో క్లాసు దీనికైనా పనికొస్తుంది.

ఫిబ్రవరి 14

విత్తనాల గుల్లను, ఆ వెదురు బుట్టను, గుడిసె నడిమి గుంజకు కట్టాం. కొర్ర, సజ్జ, కంది. ఊళ్ళోనే బూడిద, వేపాకు కలిపి పోసి, పేడతో అలికి మూత మూసింది అత్తే. మా ఇళ్ళలో అంతే. ఇంటికి పెద్ద ఆడది మూస్తుంది, మళ్ళీ తొలి వానల మిరుగు కార్తె నాడు ఆమే విప్పుతుంది. నడుమ ఎవరైనా విప్పితే విత్తనం గుడ్డిదవుతుందట, మొలవదట.

మొగుడంపల్లి నుంచి దాన్ని నేనే నెత్తిన మోశాను. మెడ విరిగినంత పనయింది. గింజ గట్టిది, అందుకే ఇంత బరువు అని మురిసిపోయాను.

మార్చి 20

మేకను తోడేలు ఎత్తుకుపోయింది. శివలీల తాడు పట్టుకుని కూర్చుంది.

ఏప్రిల్ 9

జొన్నలు అయిపోయాయి. ఆయన కట్టెలు కొట్టి మొగుడంపల్లిలో అమ్మి ఏమైనా తెస్తే పొయ్యి, లేకపోతే రేగుపండ్ల ఒరుగులు. వాగు ఇసుకలో చెలిమె తోడితే బిందె నిండేసరికి పొద్దెక్కుతుంది. అక్కడ ఒకావిడ పరిచయమైంది, యాదమ్మ. గుట్ట అవతల ఉంటారట. భర్త సాయన్న కూడా కట్టెలే కొడతాడు.

శివలీలకు జ్వరం. దవాఖానకు పోవాలంటే జహీరాబాదే. అంబలి కావాలని ఏడుస్తుంది. గుల్ల వైపు చూశాను. చూసినందుకే సిగ్గేసింది. అయినా అత్తను అడిగాను, పిడికెడు సజ్జలు తీద్దామని. ఇత్తనం తింటే రేపు మన్ను తింటవు, ముట్టకు అని అరిచింది. నిజమే కదా. పిల్లకు చింతచిగురు ఉడికించిన నీళ్ళు పోశాను.

ఆయన మాత్రం గొప్పవాడు. పిల్ల అంత ఏడ్చినా ఒక్కసారి కూడా గుల్ల మాట ఎత్తలేదు. కళ్ళు తుడుచుకుని బయటికి పోయాడు. ఇలాంటి మనిషితో అడవిలోనైనా బతకొచ్చు.

మే 3

పిల్ల లేచింది. తునికిపండ్లు తిని మూతంతా పూసుకుంది.

నేనూ ఆయనా గడ్డపారలతో రాళ్ళు పెకిలిస్తున్నాం. చేతులు పుండ్లు. రాయి కింద ఎర్రమన్ను చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ మాత్రం భూమి చాలు. ఆయనకే మునుపటి హుషారు లేదు. పానం మంచిగలేదు అంటాడు. అత్త గట్టు మీద కూర్చుని, గీ రాళ్ళల్ల ఏం పండుతదే, ఊరికి పోదాం పాండి అని రోజూ అదే పాట. నేను వినిపించుకోను. గుడిసెలో గుల్ల ఉంది నాకు.

జూన్ 9

వాన! మిరుగు మాట తప్పలేదు. గుడిసెంతా కారింది. నేనూ శివలీలా తడుస్తూ నవ్వుతూనే ఉన్నాం.

జూన్ 10, పొద్దున

స్నానం చేసి, గుల్లకు పసుపు రాసి అత్త ముందు పెట్టాను. ఆమె విప్పలేదు. జర ఆగు, రేపు జూద్దాం అంది. నేల పదును ఆరిపోతుందత్తా అన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయనను చూశాను. నేల చూస్తున్నాడు.

మూత నేనే పగలగొట్టాను.

మన్ను. మూత దగ్గర నుంచి అడుగు దాకా మన్ను.

అదే రోజు, పొద్దుగూకింది

రాయకపోతే పిచ్చెక్కుతుంది.

అత్త ఏడవలేదు. దాచుకోనూ లేదు. ఇత్తనం చంద్రప్ప తాన పెట్టిన, రాళ్ళల్ల పోసి నాశనం చేస్తరని పెట్టిన, మిరుగుకు ముందే ఆకలైతే ఊరి దారి పడతరనుకున్న, తోలుకపోదామనే మీ ఎంట వచ్చిన అంది. మాతో ఉండటానికి కాదు. మేము ఎప్పుడు ఓడతామా అని కాచుకుని కూర్చోవడానికి.

ఆమె పరాయిది. సరే. ఆయనో? తెల్వదు అంటాడేమోనని ఎదురు చూశాను. వచ్చేనాడే అమ్మ చెప్పింది అన్నాడు. నువ్వు దాన్ని జూస్కుంటనే పానం నిలుపుకున్నవు, ఎట్ల చెప్పాలె అన్నాడు.

పిల్ల జ్వరంలో అంబలి అంబలి అన్ననాడు ఆయన గుల్ల మాట ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది. గొప్పతనం కాదు. అందులో ఏమీ లేదని తెలుసు! నేను నా బిడ్డ నోరు కట్టి మన్నుకు కాపలా కాశాను. ఇద్దరూ చూస్తూ ఊరుకున్నారు.

జూన్ 11

ఆయన ఊరికి పోయాడు. అన్న కాళ్ళు పట్టుకునైనా విత్తనం తెస్త, పదును పోకముందే వస్త అన్నాడు. శివలీల తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

జూన్ 13

రాలేదు.

జూన్ 15

సాయన్న మా ఊరు న్యాల్‌కల్ దిక్కు పోయొచ్చాడట. యాదమ్మ చెలిమె దగ్గర చెప్పింది, చెప్పలేక చెప్పింది. ఆయన వాళ్ళన్న నల్లరేగడిలో విత్తే గొర్రు తోలుతున్నాడట. విత్తనం కూడా అదేనేమో. నేను మోశాననుకున్నదే.

అత్తకు చెప్పాను. నన్ను సుత ఇడిసిపెట్టిండా అని మాత్రం అడిగింది. ఆమెకు ముద్ద పెట్టాను, జాలితో కాదు.

జూన్ 16

సిగ్గు విడిచి గుట్ట ఎక్కి యాదమ్మ ఇంటికి పోయాను. పిడికెడైనా సరే అన్నాను. మిరుగుల ఇత్తనానికి వచ్చిన ఆడిదాన్ని ఉత్తగ పంపితే నా చేను పండుతదానే అని కొంగు నిండా కొర్రలు, కందులు కలిపి పోసింది. ఆమె ముందే గట్టిగా ఏడ్చేశాను. ఆమె విసుక్కుంది. ఏడుపు తర్వాత, పదును పోతది పో అంది.

జూన్ 17

పదును ఇంకా ఉంది. సాళ్ళు తీస్తుంటే వెనకాల అలికిడి. అత్త వంగి విత్తనం వేస్తూ వస్తోంది. వద్దనలేదు. కంది ఎక్కడ పడాలో, కొర్ర ఎక్కడ పడాలో ఆమె చేతికి తెలుసు. ఆ చెయ్యే మన్ను నింపింది. మరిచిపోను.

జూన్ 24

మొలిచింది.

ఆగస్టు 19

ఆయన వచ్చాడు. కొత్త తువ్వాల. గట్టు మీద నిలబడి ఈ చేను ఎవరిది అని అడిగాడు. నేను కలుపు తీస్తున్నాను, తల ఎత్తలేదు. అత్త నడుము నిలబెట్టి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. నా కోడలిది, నీకు ఎవ్వలు గావాలె నాయినా అని అడిగింది.