మైనం పూసే ముందు

చెల్లీ యెసేనియా,

ఈస్టర్ సెలవుల్లో మొదటిసారి వ్యాక్సింగ్‌కి వెళ్తున్నావని అమ్మ చెప్పింది. వెళ్లేముందు నా సంగతి విను.

పోయిన శనివారం కాబోయే అత్తగారు దోన్యా ఒఫెలియా నన్ను తనకు తెలిసిన పార్లర్‌కి తీసుకెళ్లి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పార్లర్ నడిపే గ్రిసెల్డా మైనం కలుపుతూ, "మొటిమలకి మాత్రలేమైనా వాడుతున్నావా తల్లీ?" అని అడిగింది. అప్పటికే అత్తగారు, "మా కోడలిది పుట్టుకతోనే వెన్నలాంటి చర్మం!" అని మురిసిపోయి ఉంది. వాడుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "లేదండీ" అన్నాను.

ముందు మోచేతి దగ్గర కాస్త పూసి, గుడ్డ అంటించి లాగింది. మొదటిసారి మంట మామూలేనని ఓర్చుకుని పళ్లు బిగపట్టాను. చూస్తే వెంట్రుకలతో పాటు చర్మమే ఊడి, నెత్తురు చిమ్మింది.

గ్రిసెల్డా మొహం పాలిపోయింది. "నిజం చెప్పు పిల్లా! ఆ మాత్రలు వాడితేనే చర్మం పల్చబడి మైనంతో ఇలా ఊడొస్తుంది. తర్వాత పూయబోయేది పై పెదవి మీద!"

ఏడుస్తూ చెప్పేశాను. అత్తగారు నన్ను కారెక్కించి ఇంటికి తీసుకెళ్లి కట్టు కడుతూ అంది: "మొటిమలు దాచావు, సరే. రేపు మా ఇంట్లో నీకు నొప్పొస్తే అదీ ఇలాగే దాస్తావా?"

ఆ మాట విన్నాకే నీకు రాయాలనిపించింది.

యెసేనియా, కాలేజీకి వెళ్తూ నా మాత్రల పెట్టె ఒకటి పట్టుకెళ్లింది నువ్వేనని నాకు తెలుసు. తిట్టను, అమ్మకీ చెప్పలేదు. అవి మానేసి డాక్టరుకి చూపించుకో, ఈ సెలవుల్లో మాత్రం పార్లర్ గడప తొక్కకు. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి.

మీ అక్క