స్వప్న చెప్పిన కారణం

అక్కా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది అయింది. నా దగ్గర పెరుగుతున్న నీ బిడ్డ సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను.

నువ్వు పోయిన రోజు ఐదేళ్ల స్వప్న ఏడవలేదు. "పిల్ల గట్టిది" అని అందరూ మెచ్చుకుంటే నేనూ సంతోషించాను. ఆ తర్వాతే అది తోటి పిల్లలను కొరకడం మొదలుపెట్టింది. ఇవాళ టీచర్ ఫోన్ చేస్తే కొడకండ్ల బడికి పోయాను. పక్కన కూర్చునే లావణ్య చేతి మీద పళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి. స్వప్నను కొట్టబోయి ఆగాను. దాన్ని వరండాలోకి తీసుకుపోయాను.

"ఎందుకు కొరికినవ్ బిడ్డా?"

"దానికి వాళ్లమ్మ రెండు జడలేసి పూలు పెట్టింది. నాకు కోపమొచ్చింది."

"గది కోపం కాదే, బాధ. బాధైతే కొరుకొద్దు, నాకు చెప్పాలె."

"చెప్తే నువ్వు ఏడుస్తవ్ కద చిన్నమ్మా."

నిజమే అక్కా. అది నీ మాట ఎత్తినప్పుడల్లా నేను కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయేదాన్ని.

"ఏడుస్తే ఏడుస్త. నువ్వైతే చెప్పు" అన్నాను.

నా ఒళ్లో తల పెట్టి, ఏడాదిలో మొదటిసారి ఏడ్చింది. నేనూ దాచుకోలేదు. కాసేపటికి ముఖం కడుక్కుని, తనంతట తానే లావణ్య దగ్గరికి నడిచింది.

"నాకు మా అమ్మ యాదికొచ్చింది. గందుకే కొరికిన. ఇంక కొరకను" అంది.

లావణ్య జరిగి పక్కన చోటిచ్చింది.

ఆ చిన్న మాట నేనింతవరకూ ఎవరితోనూ అనలేకపోయాను. మొదట నీకే చెప్తున్నాను. నువ్వు యాదికొస్తున్నవ్ అక్కా.