కొక్కెం పట్టిన చెయ్యి

ఫిబ్రవరి, మంగళవారం

పసుపు గోదాం ముందు చాయ్ హోటల్ టీవీలో మంచు ఆటలు. మంచే పడని ఓ చిన్న దేశం నుంచి ఇద్దరే వచ్చారట. అందులో ఒకడు వాలులో జారి బొక్కబోర్లా పడ్డాడు. ముఖమంతా నెత్తురు. అయినా లేచి, అందరికంటే చివర చేరాడు.

"మంచే సూడనోనికి గీ ఆటెందుకుర?" అని మా హమాలీల మేస్త్రి నర్సయ్య పగలబడి నవ్వాడు. పొద్దున నేను బస్తా కింద పడ్డప్పుడు నవ్విన నవ్వే అది.

ఎడమ చేత్తో కొట్టాను. పన్ను ఊడి చాయ్ గ్లాసులో పడింది.

"గా దేశమోడు నీకేమైతడుర?" అన్నాడు తర్వాత, నెత్తురు ఉమ్ముతూ.

ఏమీ కాడు. రేపు నర్సయ్య నన్ను పనిలోకి రానిస్తాడో లేదో.

బస్తాలు లాగే ఇనుప కొక్కెం, కొట్టినప్పుడు నా కుడి చేతిలో ఉంది. అదీ లేచింది. వాడి మెడ దాకా వెళ్ళి ఆగింది. నోరు పట్టుకుని వంగిన నర్సయ్య చూడలేదు. నేను చూశాను.