గుంత పోచమ్మ

గిర్మాజీపేట, వరంగల్
21-8-1983

శ్రీవారికి అనసూయ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ అత్తమ్మా క్షేమం. బట్టలు మాత్రం క్షేమంగా లేవు, దండెం మీదే ముక్కిపోతున్నాయి. మీ ఆరోగ్యం ఎలా ఉందో రాయండి.

మీ ఉత్తరం బుధవారం అందింది, సగం తడిసి. గద్వాలలో చినుకు లేదన్నారు. కావాలంటే మా వానలో సగం మీ బ్యాంకుకు పంపిస్తాను. రాజీనామా ఇచ్చావా అని రెండుసార్లు అడిగారు. ఐదో నెలలో, ఈ వానలో నేను బడికి నడవడం మీకు ఇష్టం లేదు. ఆ సంగతికి వస్తాను, ముందు మిగతావి చెప్పనివ్వండి.

గొడుగు వాడుతున్నావా అన్నారు. వాడుతున్నాం, విప్పడమే లేదు. అత్తమ్మ యూరియా బస్తా మడిచి తలకు వేసుకుని, నాకూ ఒకటి తగిలించి, మీ నల్ల గొడుగును కర్రలా పట్టుకుని నా ముందు నడుస్తుంది. నీళ్లలో పొడిచి చూసి, "ఈడ గట్టిగనే ఉన్నది, రా బిడ్డా" అంటేనే నేను అడుగు వెయ్యాలి. బడి గేటు దగ్గర పిల్లలంతా చూస్తుండగా నా కాళ్ల మీద చెంబుడు నీళ్లు పోసి మరీ లోపలికి పంపుతుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

చౌరస్తా దారిలో పైపుల కోసం ఎవరో తవ్వి వదిలేసిన గుంత ఉంది. వాన పడితే రోడ్డూ గుంతా ఒక్కటే. అత్తమ్మ అందులో పెద్ద వేపకొమ్మ పాతింది. ఊరికే పాతితే ఎవరైనా పొయ్యిలోకి లాక్కుపోతారని దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఇక చూడండి, రిక్షాలు పక్కకు తప్పుకుంటున్నాయి, లారీ డ్రైవర్లు దండం పెడుతున్నారు! శ్రావణమాసం కదా, పోయిన ఆదివారం పక్కింటి యాకమ్మ ఏకంగా బోనం ఎత్తుకొచ్చి అత్తమ్మను అడిగింది.

"పెద్దమ్మా, ఈడ పోచమ్మ ఎన్నడు ఎలిసింది?"

"మంగళారం పొద్దుగాల" అంది అత్తమ్మ, మొహం ఏమాత్రం మార్చకుండా. నేను బస్తా ముఖం మీదికి లాక్కుని నవ్వుకున్నాను.

ఇక అసలు సంగతి. కోప్పడకండి. ఆ మంగళవారానికి ముందురోజు ఆ గుంతలో పడింది నేనే. బడి నుంచి ఒక్కదాన్నే వస్తూ నడుం దాకా దిగిపోయాను. హమాలీలు పైకి లాగారు. పొట్ట పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చాను. అత్తమ్మ రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి వింటున్నంతసేపూ అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పగానే నాకంటే ముందు ఆమే ఏడ్చింది.

ఇంటికొచ్చి రాజీనామా రాయబోయాను. మీ మాటే నిజమనిపించింది, అంత భయం వేసింది. అత్తమ్మ కలం లాక్కుంది.

"గుంత తవ్వినోడు కొలువు చేసుకుంట మంచిగనే ఉన్నడు. పడ్డదానివి నువ్వెందుకు ఇడుస్తవ్? ఫికర్ చెయ్యకు, నేను ముందల నడుస్త."

అందుకే రాజీనామా ఇవ్వలేదు, ఇవ్వను కూడా. కోపం వస్తే ఆమెకు రాయండి, చదివి వినిపించేది నేనే.

మీ అమ్మ మోకాళ్లు వాచాయి. నూనె రాస్తుంటే "నీ కాన్పు దాంక నడుస్తయి తియ్" అంటుంది. వీలైనన్ని రోజులు సెలవు పెట్టి రండి. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, నా ముందు మీరు నడవండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే భార్య,
అనసూయ