గంటంబావు ఉడికిన కోడి

తిరుపతి,
8-4-98.

ప్రియమైన అక్కకు, పల్లవి నమస్కారాలు.

మీ ఊళ్ళో కోళ్ళకు తెగులు తగ్గిందా? మొక్కు పుంజును ముందే తెచ్చి మా ఇంట్లో వదిలి మంచి పని చేశావు. నందినికి మళ్ళీ జ్వరం రాలేదు కదా?

ఒక విశేషం. మొన్న ఆదివారం మీ మరిది ముందుగా చెప్పకుండా వాళ్ళ ఆఫీసరును, ఆయన భార్యను భోజనానికి పిలుచుకొచ్చారు. కూరైతే అందరూ చేస్తారని నేను చికెన్ సలాడ్ చేశాను. ఆమె రెండుసార్లు వడ్డించుకుంది! నువ్వూ చెయ్యి. కోడిని అల్లం, మిరియాలు, ఉప్పు వేసి సన్నని సెగ మీద గంటంబావు ఉడికించు. నీళ్ళ మీద పచ్చగా కొవ్వు తేలుతుంది, తీసెయ్యకు, రుచంతా అందులోనే. ముక్కల్ని ఆ నీళ్ళలోనే చల్లారనిచ్చి, ఎముకలు తీసి, చేత్తో చీలికలు చెయ్యి. కత్తి పెట్టొద్దు. గుడ్డలో వేలాడగట్టిన గడ్డపెరుగు, దోసకాయ, ఎర్రగడ్డ, పుదీనా, వేయించి దంచిన చెనిక్కాయలు కలిపి చివర్లో నిమ్మకాయ పిండు.

గంగమ్మ జాతరకు ముందురోజే వచ్చెయ్యండి.

నీ ముద్దుల చెల్లెలు
పల్లవి


ఏర్పేడు,
20-4-98.

ప్రియమైన పల్లవికి, అక్క దీవెనలు.

తెగులు తగ్గింది, కోళ్ళే మిగల్లేదు. మీ బావ గంపలన్నీ కడిగి బోర్లించాడు.

నీ సలాడ్ చేశాను. అంగడి కోడి తెచ్చి, నువ్వు చెప్పినట్టే గంటంబావు ఉడికించాను. ఇరవై నిమిషాలకే ఎముకలు ఊడి, గంటకు గుజ్జయింది. కొవ్వు కూడా తెల్లగానే తేలింది. మీ బావ చూసి, "ఏందిమే, కోడి జావ కాచినావా?" అని నవ్వాడు.

అంతసేపు ఉడికే కోడి నీకెక్కడ దొరికింది పల్లవీ? దాచుకోకుండా రాయి. ఏం జరిగినా నేనేమీ అనను. "పిన్నమ్మ మన పుంజుకు నూకలు ఏస్తా ఉండాదా?" అని నందిని రోజూ అడుగుతోంది. పోయినేడు ఆస్పత్రిలో ఆశ వదులుకోమన్నప్పుడు, దాని మంచం పక్కన నిలబడి నేను మొక్కుకున్నది నీకు తెలుసు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ఉన్నది నువ్వే.

నీ జవాబు కోసం చూసే
అక్క కోమలి


తిరుపతి,
27-4-98.

ప్రియమైన అక్కా,

గంటంబావు కాదు, అరగంట. ఏదో ధ్యాసలో తప్పు రాసుంటాను. అది అంగడి కోడే. ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళం, నా మీద అనుమానమా?

పుంజుకేం, దర్జాగా ఉంది. తెల్లారకముందే కూసి, మాకు అద్దెకిచ్చిన ఇంటామెను లేపుతోంది. "మీ కోడికి పొద్దూ మాపూ తెలీదామే?" అని ఆమె తిట్లు. నూకలు నేనే వేస్తున్నానని నందినికి చెప్పు.

ఎప్పటికీ నీ
పల్లవి


ఏర్పేడు,
20-5-98.

పల్లవికి,

జాతర రోజు నందిని నూకలు చల్లి పిలిస్తే ఆ పుంజు మంచం కిందికి పారిపోయింది. మా పుంజు ఎడమకాలి వేలొకటి చిన్నప్పుడే కుక్క కొరికేసింది. నువ్వు గంప ఎత్తి ఇచ్చినదానికి అన్ని వేళ్ళూ ఉన్నాయి. నందిని నా చెవిలో, "అమ్మా, ఏలు మళ్ళా మొలిసిందా?" అని అడిగింది. అవునన్నాను. మీ అత్త ముందర నిన్ను నిలదీయలేక, ఆ పుంజునే అమ్మవారికి ఇచ్చి వచ్చాను.

నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. పచ్చటి కొవ్వు, గంటంబావు ఉడుకు, ఇవి నాటుకోడికి కాక దేనికి? అయినా నా అనుమానమే తప్పు కావాలని అంగడి కోడి తెచ్చి ఉడికించి చూశాను. సలాడ్ మీద మోజుతో కాదు. "అక్కా, వచ్చినవాళ్ళ ముందు పరువు పోతుందని కోసేశాను" అని ఒక్క మాట రాసుంటే, ఏడ్చేదాన్ని, నాలుగు తిట్టేదాన్ని, తర్వాత ఇద్దరం కలిసి ఇంకో పుంజును వెతికేవాళ్ళం. నువ్వు చచ్చిన పుంజు చేత కూయించావు. ఆ ఉత్తరం నందినికి చదివి వినిపించాను, అది చప్పట్లు కొట్టింది.

గంగమ్మ తల్లి ఇంకో పుంజుతో సరిపెట్టుకుంటుందేమో. నాకు ఇంకో చెల్లెలు లేదు.

కోమలి