పెద్ద ఇంజనుకు పొట్టి తీగలు

ఏవండీ,

సత్తెనపల్లి బస్సుకు టైమైంది, నేను స్కూలుకు వెళ్తున్నాను. అన్నం, గోంగూర పప్పు పొయ్యి మీదే ఉన్నాయి.

మీ బొమ్మ విమానానికి ఆ కొత్త పెద్ద ఇంజను విప్పేసి, పాత చిన్నదే బిగించండి. దాన్ని కట్టి తిప్పే మన తీగలు పొట్టివి. ఆ ఇంజను జోరుకు విమానం గిర్రున చుట్టూ తిరుగుతుంటే, మధ్యలో తీగల పిడి పట్టుకుని దాంతోపాటే తిరిగే మనిషికి కళ్ళు తిరగవా? నిన్న మీరు పడింది అందుకే. పెద్దదే కావాలంటే పొడుగు తీగలు కట్టండి. చిన్న ఇంజను ఉన్నప్పుడు మాత్రం వాటిని కట్టొద్దు. లాగే బలం చాలక తీగలు వదులైతే విమానం ఇక మీ మాట వినదు. బ్రహ్మం అన్నయ్య వచ్చి "ఏం కాదు రారా" అన్నా ఈరోజు గ్రౌండుకు వెళ్ళకండి.

నిన్న చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చి మీ తల ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తెరిచి మీరు అడిగింది ఒక్కటే: "రెక్క ఇరిగిందా ఏందే?" నేనెంత భయపడ్డానో ఇంటికొచ్చాక కూడా అడగలేదు. బడి, వంట, ఇప్పుడు ఈ భయం. చాలా అలసిపోయానండీ.

సరిత

రెక్క విరిగింది. పొద్దున్నే లేచి అతికించాను. ఆరాలి, సాయంత్రందాకా ముట్టుకోకండి.